ఏడుగురు పెద్దలూ, ఒక కప్పూ

నిమియా ఒవెలార్‌కి యాభై ఒకటి. పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో ఒక రేడియోవాళ్ల పొద్దుటి వార్తలన్నీ పందొమ్మిదేళ్లుగా ఆవిడ రాసినవే. చదివేది మగాడు, పేరొచ్చేది మగాడికి, పై అంతస్తులో కూర్చునే ఏడుగురు పెద్దలూ మగాళ్లే. ఆవిడకి అక్కడినుంచి పిలుపొచ్చేది ఒక్క పనికే, సోమవారం మీటింగులో తెరెరె పోయడానికి. "నీ చెయ్యి మంచిది నిమియా" అనేవాళ్లు. పొగడ్తే మరి, ఒళ్లు మండిపోయే పొగడ్త.

తెరెరె అంటే మాతే అనే ఆకుతో చేసే చల్లటి పానీయం, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తాగేది కాదు. అందరికీ కలిపి ఒకటే కొమ్ము కప్పు, ఒకటే గొట్టం. పోసే మనిషి కప్పులోని ఆకుమీద ఐసు నీళ్లు పోసి వరసగా అందిస్తుంది, తాగినవాళ్లు తిరిగి ఆ చేతికే ఇవ్వాలి. ఆ చేతిలోంచి లాక్కోవడం ఎంత గొప్పవాడికైనా మర్యాద కాదు. "థాంక్స్" అన్నవాడు ఇక చాలన్నట్టే. ఆ పూటకి వాడికి మళ్లీ వంతు రాదు.

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ సోమవారం ఎండ నలభై రెండు డిగ్రీలు, ఏసీ పాడైంది. వార్తల డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరికివ్వాలా అని చర్చ. నిమియా పెట్టుకున్న అర్జీ బల్లమీదే ఉంది. దానిమీద ఎవరిదో కళ్లజోడు. మాటలు మాత్రం ఛైర్మన్ దోన్ సిరిలోగారి అల్లుడి చుట్టూ తిరుగుతున్నాయి. ఆ అల్లుడు ఫుట్‌బాల్ గురించి బాగా మాట్లాడతాడట!

నిమియా ఆనవాయితీ ప్రకారం మొదటి కప్పు తనే తాగింది. మళ్లీ నింపి, ఎవరికీ ఇవ్వకుండా రెండు చేతులా పట్టుకుంది. నవ్వు ఆగేలా లేదు.

"అదేమన్నా మైకా తల్లీ, ఇలా ఇయ్యి" అన్నాడు ప్రకటనల మేనేజరు విల్దో. కప్పు పట్టుకు కూర్చున్నవాళ్లని ఆ ఊళ్లో అందరూ ఏడిపించే మాటే.

"ఇవాళ్టికి మైకే అనుకోండి. ఇన్నేళ్లూ మీ నోళ్లకి మాటలు నేనే అందించాను. ఇది నా మాట. ఆ కుర్చీ నాకివ్వాలి. సరేనన్నవాళ్లు కప్పు అందుకోండి, కాదన్నవాళ్లు థాంక్స్ చెప్పేయండి."

"ఓటింగు ఇలాగా పెట్టేది?" అన్నాడొకాయన.

"మీరు ఎలాగూ పెట్టలేదు కదండీ."

కప్పు అంచున చెమ్మ బొట్లుబొట్లుగా జారుతోంది. ఏడు జతల కళ్లు ఆ బొట్ల వెంటే దిగాయి. జగ్గులో ఐసు గలగలమంది. ఎవరో గుటక వేశారు.

దోన్ సిరిలో జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "అల్లుడిదేముందిలే, చలికాలంలో చూసుకుందాం" అని చెయ్యి చాచాడు.

ఇక వరస కట్టారు. ఒకాయన రెండో వంతు కూడా అడిగాడు. విల్దో ఒక్కడే చేతులు కట్టుకుని బిగుసుకుపోయాడు. పెదాలు తడుపుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. "నేనేం కాదన్లేదే" అని గొణిగి కప్పు లాగేసుకోబోయి, మర్యాద గుర్తొచ్చి, ఆవిడ ఇచ్చేదాకా ఆగాడు.

"ఏడుకి ఏడు" అంది నిమియా. సంతోషం పట్టలేక పకపకా నవ్వేసింది.

"అయిందిగా, ఇంకేమన్నా ఉందా?" అన్నాడు దోన్ సిరిలో, లేవబోతూ.

"ఉందండీ. కింద పదకొండుమంది ఆడవాళ్లు వార్తలు రాస్తున్నారు. ఈ గదిలో వాళ్లకెన్ని కుర్చీలు వేయాలో తేల్చాలి."

ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. నీళ్లింకా సగం జగ్గు ఉన్నాయి. ఎవరూ థాంక్స్ అనలేదు.