గెసీనత్త శవపెట్టె

దక్షిణాఫ్రికాలో సేద్యం చేసుకునే మా బోయర్ల ఇళ్లలో శవపెట్టె ముందే చేయించి అటక మీద పెట్టుకుంటారు. పోయేదాకా ఖాళీగా ఎందుకని ఆడవాళ్లు అందులో పీచ్ పళ్ల ఒరుగులు పోసుకుంటారు. మా నాన్న అక్క గెసీనత్త పెట్టెను బారెండ్ మామయ్యే చేశాడు. ఆమెను నేల మీద పడుకోబెట్టి కొలిచాడట. "కాస్త వదులుగా కొలవండి, ముసలితనానికి లావెక్కుతాను" అందట అత్త. లావెక్కలేదు. వాళ్లకు పిల్లలూ కలగలేదు.

ఇంగ్లీషువాళ్లతో యుద్ధం వచ్చింది. నాన్న, మామయ్య గుర్రాలెక్కి దండులోకి వెళ్లారు. ఇద్దరూ తిరిగి రాలేదు; మామయ్య ఏ వాగు గట్టున పడ్డాడో నేటికీ తెలియదు. తర్వాత ఖాకీ బట్టల ఇంగ్లీషు సోల్జర్లు మా పొలానికి వచ్చి, ఇల్లు తగలబెడుతున్నాం, చేతికందింది తెచ్చుకోండి అన్నారు. అమ్మ బైబిలూ దుప్పట్లూ తెచ్చింది. అత్త ఒరుగులతో సహా పెట్టెను మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చింది. "ఇప్పుడే పడుకుంటావా, ముసలమ్మా?" అని ఒక సోల్జరు ఇంగ్లీషులో అడిగి నవ్వాడు. "నిన్ను పూడ్చాక" అంది అత్త. వాడికి మా భాష రాదు కాబట్టి సరిపోయింది.

మమ్మల్ని తోలుకెళ్లి పెట్టిన క్యాంపులో గుడారాల మధ్య పిల్లలు తట్టు పోసి రాలిపోయారు. మా చెల్లి లెట్టీ కూడా పోయింది. పెట్టెలు చేయడానికి చెక్క దొరికే రోజులు కావవి.

"వదినా, నీ పెట్టె ఇవ్వు. బిడ్డను దుప్పట్లో చుట్టి మట్టిలో వేయలేను" అని అమ్మ అడిగింది.

"అది నా ఒంటి కొలతది. ఇంత పిల్లకు అంత పెట్టె దేనికి, ఎంగెలా?"

"కని ఉంటే తెలిసేది నీకు!"

అత్త మూత మీంచి లేవలేదు. లెట్టీని బూడిదరంగు దుప్పట్లో పూడ్చారు.

పెట్టె ఖాళీ చేసి ఉంటే క్యాంపు ఆకలికి ఆ ఒరుగులు సాయంత్రానికి మిగిలేవి కావు. అత్త వాటిని గుప్పెడేసి నానబెట్టి నాకూ మా అన్నకూ పెట్టేది. తను తినేది కాదు. మేం బతకడానికి కారణం అదే. ఈ సంగతి అమ్మకు తెలుసు. తెలిసినా క్షమించలేదు. యుద్ధం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. అన్నింట్లోనూ సేనాపతులూ సంతకాలే. మా ఇంట్లో ఇద్దరాడవాళ్లు ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ మాట్లాడుకోకపోవడం ఏ పుస్తకంలోనూ లేదు.

తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నాక పెట్టె మళ్లీ అటకెక్కింది. అత్త అందులో ఏమీ పోయలేదు. పైన చప్పుడైతే చాలు, చేతిలో పని ఆపి వినేది.

"ఎలుకలే అత్తా" అనేవాణ్ని.

"ఎలుక పక్క మీద దొర్లుతుందట్రా? చదువుకున్నావు కదా, చెప్పు."

ఈ చలికాలం అత్త మంచం పట్టింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ఆయన గుర్రబ్బండి గేటు దాటగానే అత్త అమ్మను పిలిపించింది.

"నన్ను ఆ పెట్టెలో పెట్టకండి. దాన్లో నీ కూతురుంది. బిడ్డ మీద నేనెట్లా పడుకోను?"

"లెట్టీ క్యాంపు మట్టిలో ఉంది. ఈ చేతుల్తోనే చుట్టాను" అంది అమ్మ.

"మరి పైన దొర్లేదెవరు? నువ్వే పిలువు, ఎంగెలా. నేను పిలిస్తే రావడం లేదు."

అమ్మ ముఖం రాయిలా ఉంది. తిట్టి వెళ్లిపోతుందనుకున్నాను. నిచ్చెన తెమ్మంది. పట్టుకుంటానంటే అక్కర్లేదంది. పైన మూత తెరిచిన చప్పుడు వినిపించింది. గదిలో అత్త ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

అమ్మ దిగొచ్చింది. రెండు చేతులూ రొమ్ముకు అదుముకుని ఉంది, చేతుల్లో ఏమీ లేదు.

"ఇప్పుడు లేదు వదినా. నాతో వచ్చింది. నువ్వు పడుకో."

అత్త ఏడ్చింది. రెండు రోజులకు పోయింది. ఆమె పెట్టెలోనే పూడ్చాం. సరిగ్గా సరిపోయింది.

దయ్యాలు లేవని నేను చాలా పుస్తకాల్లో చదివాను. అమ్మ ఇప్పుడు మంచంలో గోడవైపు చోటు వదిలి ఈ అంచున పడుకుంటోంది. మొన్న పగలు అలసిపోయి ఆ చోట నడుం వాల్చబోయాను.

"అక్కడ కాదురా" అంది మెల్లగా, లేపకుండా ఉండాలన్నట్టు.

నేల మీద పడుకున్నాను.