బొట్టు పెడుతూ చెప్పిన మాట

మా ఊళ్లో సర్పంచ్ సీటు కిందటిసారి ఆడవాళ్లకి రిజర్వు అయింది. ఈసారి జనరల్‌కి వచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజు, ఎన్నాళ్లకో ఇంటి తాళంచెవి చేతికి దొరికినట్టు మగాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే మా తోడికోడలు నామినేషన్ వేస్తానంది.

ఆవిడ మా బావగారి భార్య. నేను అక్కా అని పిలుస్తా. ఊళ్లో పాల కేంద్రం నడుపుతుంది. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వచ్చే ప్రతి ఇంటి ఆడమనిషితోనూ ఆవిడకి మాటా మంచీ ఉంది. నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తా. జగ్గయ్యపేట దాకా ఆటో, అక్కణ్నించి హైవే మీద బస్సు. నాకు ఊరంటే పొద్దునా సాయంత్రమూ కనిపించేదే.

అక్క నిలబడటానికి కారణం క్వారీ. ఊరి వెనకాల సున్నపురాయి తీస్తారు. దాన్ని స్కూలు వైపుకి పెంచాలని చూస్తున్నారు. మాకేం అభ్యంతరం లేదని పంచాయతీ తీర్మానం చేసిస్తే వాళ్ల పని సగం అయిపోయినట్టే. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. కాసేపటికి రాయి పేలుస్తారు, కాళ్ల కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. స్కూలు వెనక గోడ పగిలితే సిమెంటు పూశారు. ఆ సిమెంటు మీదే మళ్లీ పగులొచ్చింది. క్వారీ కాంట్రాక్టరుది మా ఊరే. సర్పంచ్‌కి నిలబడింది ఆయనే.

డ్వాక్రా మీటింగులో ఆడవాళ్లందరూ ఒక మాట అనుకున్నారు. "ఆడోళ్లం ఆడోళ్లకే వేసుకుందాం. మన బాధలు మగాడికేం తెలుస్తాయి?" అని. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నా. ఇన్నేళ్లు మగాళ్లకి మగాళ్లని చూసే వేశారు కదా, మనం వేస్తే తప్పేంటని నా వాదన.

అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. "నేను ఆడదాన్నని వెయ్యమాకండి. స్కూలు దగ్గర రాయి కొట్టనివ్వనని వెయ్యండి. ఆ మాట తప్పితే దించెయ్యండి," అంది.

"అదేంటక్కా, వచ్చే ఓట్లని వద్దంటావు?" అన్నా, ఇంటికి వచ్చేటప్పుడు.

"వచ్చేవి ఎందుకొస్తున్నాయో కూడా చూసుకోవాలి కదే," అంది.

నామినేషన్ వేసిన మర్నాటి నుంచి గాలి మారింది. ఎవరూ ఒక్క మాట గట్టిగా అనలేదు, అదే భయం. అక్క స్కూటీ మీద జగ్గయ్యపేట వెళ్తుంటే వెనకాల ఒక టిప్పరు వచ్చేది. హారన్ కొట్టదు, దాటి వెళ్లదు, ఆవిడ ఎంత నెమ్మదిగా వెళ్తే అంత నెమ్మదిగా వస్తుంది. రోడ్డు పక్కకి తీసి ఆగితే అదీ ఆగుతుంది. ఒకసారి నేను వెనక కూర్చుని ఉన్నా. తిరిగి చూస్తే అద్దం మీద దుమ్ము, లోపల మనిషి మొహం కనబడలేదు. అక్క వీపు మీద నా చెయ్యి ఉంది. ఆవిడ గుండె కొట్టుకోవడం ఆ చేతికి తెలుస్తూనే ఉంది.

తర్వాత కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు పాల కేంద్రానికి వచ్చి కూర్చున్నారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"అమ్మా, మీరు మాకు ఆడపడుచులాంటోరు. ఊరంతా ఒక్కమాట మీద ఏకగ్రీవం చేసుకుంటే బాగుంటది. బావగారి ట్రాక్టరు రోజూ మా రోడ్డు మీదే తిరుగుతోంది కదండీ. జాగ్రత్తగా తిరగాలి."

మా బావగారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అయినా విత్‌డ్రా చేసుకొమ్మని మాత్రం అనలేదు. "నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటకి ఆయనకి ఎంత ధైర్యం కావాల్సొచ్చిందో నాకు తెలుసు.

ఉపసంహరణ గడువు రోజు విత్‌డ్రా చేసుకుంది అక్క కాదు, కాంట్రాక్టరు. తన నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. తనతోపాటు కోడలి చేత కూడా ఒక నామినేషన్ వేయించి ఉన్నాడు. అది డమ్మీ అనుకుని మేమెవరం పట్టించుకోలేదు. ఇప్పుడు బరిలో మిగిలింది ఆ అమ్మాయి, మా అక్క.

సాయంత్రానికి మైకు ఆటో వీధి వీధీ తిరిగింది. "ఆడబిడ్డకే మన ఓటు! చదువుకున్న ఆడబిడ్డకే మన ఓటు!"

మేం మీటింగులో అనుకున్న మాటే అది. మా నోట్లోంచి తీసుకెళ్లి మైకులో పెట్టేశారు.

ఆ అమ్మాయి నాకు తెలుసు. నందిగామలో నా దగ్గరే ఇంటర్ చదివింది. ముందు బెంచీలో కూర్చుని, లెక్క ఎక్కడ అర్థం కాకపోయినా అక్కడే ఆపేసి అడిగేది. "మేడం, ఇది ఇలాగే ఎందుకవ్వాలి?" అని. తర్వాత ఇంజినీరింగ్ చేసింది. పెళ్లై మా ఊరే వచ్చిందని తెలిశాక ఎంతో సంతోషపడ్డా. కానీ రెండేళ్లలో ఆ ఇంటి గేటు బయట ఆమెని నేను ఒంటరిగా చూసిందే లేదు.

పాల కేంద్రం దగ్గర మాటలు మారిపోయాయి. మా వీధి చివర ఉండే ఆటో ఆయన భార్య, మీటింగులో అందరికంటే గట్టిగా మాట్లాడిన మనిషి, క్యాను కింద పెట్టి నసిగింది.

"మీ అక్క మంచిదే. కానీ ఆ పిల్ల కూడా ఆడదే కదా మేడం. పైగా చదువుకుంది, చిన్నది. మనం అనుకున్నది ఆడోళ్లకి వేద్దామనే కదా. ఎవరికేసినా ఒకటే కదా."

ఒకటే కాదని నాకు తెలుసు. కానీ ఎందుకు కాదో చెప్పడానికి నేను మొదట చప్పట్లు కొట్టిన మాటనే కాదనాలి.

ప్రచారం చివర్లో ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అత్తగారు పక్కనే ఉంది, వెనకాల మనుషులు. అక్క ఇంటి పక్కిల్లే మాది, అయినా మర్యాద తప్పకూడదని వచ్చారు. కుంకుమ భరిణె పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. మొహం నిండా పౌడరు, కళ్ల కింద నలుపు. అంతలో అత్తగారికి ఫోనొచ్చింది. రెండడుగులు పక్కకి జరిగి మాట్లాడుతోంది.

అమ్మాయి నా నుదుట బొట్టు పెడుతూ, పెదాలు కదిలీ కదలకుండా అంది.

"నాకు వెయ్యొద్దు మేడం."

"ఏంటమ్మా?"

"గెలిస్తే ఆ క్వారీ సంతకం నాతోనే పెట్టిస్తారు. రేపు ఏదన్నా అయితే నా పేరే ఉంటది. అందరికీ చెప్పండి, నాకు వెయ్యొద్దని."

అత్తగారు ఫోన్ పెట్టేసి వచ్చింది. అమ్మాయి నవ్వింది. "మీ ఆశీర్వాదం ఉండాలి మేడం," అని గట్టిగా అని నా కాళ్లకి దండం పెట్టింది. నా పాదం మీద తగిలిన వేళ్లు చల్లగా ఉన్నాయి.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి అక్క దగ్గరికి పరుగెత్తా. చెప్పా. ఆవిడ పాలు కొలుస్తున్నదల్లా ఆపేసింది.

"ఈ మాట బయటికి చెప్తే మనం గెలుస్తాం అక్కా. తనే చెప్పమంది," అన్నా.

"గెలుస్తాం. సాయంత్రానికల్లా ఈ మాట వాళ్లింటికి కూడా చేరుతుంది. రాత్రికి ఆ పిల్ల ఆ ఇంట్లోనే కదా పడుకోవాలి?" అంది. కొలత గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఎవరికీ చెప్పకు. నా ఓట్లు నేను అడుక్కుంటా," అంది.

ఇద్దరం నోరు మూసుకున్నాం. పోలింగు రోజు బూత్ ముందు లైన్లో నిలబడ్డ ఆడవాళ్లని చూస్తూ ఆ మాట నాలిక చివరిదాకా తెచ్చుకుని మింగేశా. అక్క ఓడిపోయింది. పెద్ద తేడాతో కాదు. లెక్కింపు అయ్యేసరికి స్కూలు దగ్గర బాణాసంచా మొదలైంది. టిప్పరు డ్రైవర్లు గులాల్ చల్లుకున్నారు. దండల మధ్యలో ఆ అమ్మాయి, జీపులో నిలబడి, చేతులు జోడించి ఉంది. ఎవరో చెప్తే తప్ప ఆ చేతులు దింపలేదు.

మొదటి గ్రామసభకి నేనూ అక్కా వెళ్లాం. తీర్మానం కాగితం ఆమె ముందు పెట్టారు. పక్క కుర్చీలో భర్త, వెనకాల మామగారు. సంతకం ఎక్కడ పెట్టాలో కార్యదర్శి వేలితో చూపించాడు. అమ్మాయి పెన్ను తీసుకోలేదు. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. చదివి తలెత్తింది.

"కొత్త హద్దు స్కూలుకి ఎంత దూరమండీ?"

కార్యదర్శి ఆమె వైపు చూడలేదు. కాంట్రాక్టరు వైపు చూశాడు.

"దూరం రాయలేదిందులో. రాసి తీసుకురండి. అప్పుడు పెడతా," అంది. క్లాసులో అడిగిన గొంతే. నా పక్కన అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆడవాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. వేసిన ఓటు వృథా కాలేదని వాళ్ల మొహాలు వెలిగాయి.

కాంట్రాక్టరు కోప్పడలేదు. వంగి, కోడలి కుర్చీ వెనక్కి లాగి, నెమ్మదిగా అన్నాడు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం పదమ్మా."

ఆ తర్వాత ఆమె ఊళ్లో కనబడలేదు. ఒంట్లో బాగోలేదన్నారు. హైదరాబాదులో ఆడపడుచు దగ్గరుందన్నారు. ఉపసర్పంచ్ సభ పెట్టాడు, తీర్మానం అయిపోయింది. మేం ఆ ఇంటికి వెళ్తే అత్తగారు కాఫీ ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడి పంపేసింది. నేనొకరోజు కాలేజీ అయ్యాక నందిగామలో వాళ్ల పుట్టింటికి వెళ్లా. తండ్రి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రోజూ మాట్లాడుతోందండీ. బాగానే ఉన్నానంటోంది."

"ఒక్కతే మాట్లాడుతోందా?"

"స్పీకర్లో పెట్టి మాట్లాడుద్దండి," అన్నాడు.

పోలీసులకి చెబుదామా అంటే, తండ్రి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "దాని కాపురం అండీ," అన్నాడు.

వేసవి దాటాక ఆమె తిరిగొచ్చింది. ఇప్పుడు పంచాయతీలో రోజూ కూర్చుంటోంది. ఏ కాగితం ముందు పెట్టినా సంతకం పెడుతుందట. చదవదట. నా ఎదురుపడినప్పుడు, "బాగున్నావా అమ్మా?" అన్నా.

"బాగున్నానండి," అంది. ఎప్పుడూ మేడం అనే పిల్ల. నన్ను గుర్తుపట్టిందో, గుర్తుపట్టకూడదనుకుందో తెలియలేదు. పక్కన భర్త నిలబడి ఉన్నాడు.

స్కూలు వెనక గోడకి అవతల కొత్త హద్దురాళ్లు పాతారు. పిల్లల్ని ముందు వరండాలోకి మార్చి అక్కడే చెప్తున్నారు. పొద్దున్నే పాల కేంద్రం దగ్గర పెట్టిన డ్వాక్రా మీటింగులో మళ్లీ వచ్చే ఎన్నికల మాట వచ్చింది. ఆడవాళ్లకే వేద్దామని ఎవరో మొదలుపెట్టారు, ఎవరూ అందుకోలేదు. ఆటో ఆయన భార్య అక్కని అడిగింది. "మళ్లీ నిలబడతావా?"

"నిలబడతా," అంది అక్క. "కానీ వాళ్లు మళ్లీ ఆ పిల్లనే పెడతారు. వాళ్లని ఆపాలంటే ఈసారీ ఓడించాల్సింది దాన్నే."

ఒక్కొక్కరే క్యాన్లు తీసుకుని లేచారు.