పదహారుకి అరంగుళం తక్కువ

న్యూయార్క్ రాష్ట్రం సరిహద్దుకి ఇవతలున్న పాటర్ కౌంటీలో ఎల్వుడ్ మౌరర్ కట్టిన చెక్క మెట్లు లేని ఇల్లు లేదంటే అతిశయోక్తే గానీ, మరీ పెద్ద అతిశయోక్తి కాదు. మోకాళ్లు అరిగిపోయి వడ్రంగం మానేశాడు. చేతి అలవాట్లు మాత్రం మానలేదు. వాటిలో ఒకటి, టేపు కొసని నమ్మకపోవడం. టేపు చివరి కొక్కెం ఎప్పుడూ వదులుగా ఆడుతూ ఉంటుందని పని నేర్పినవాడు చెప్పాడట. అందుకని ఎల్వుడ్ కొలత సున్నా దగ్గర కాకుండా ఒకటి దగ్గర మొదలుపెడతాడు, గీత గీసేటప్పుడు ఆ అంగుళం కలుపుకుంటాడు. ఎప్పుడైనా కలుపుకోవడం మరిచిపోతే ఒక చెక్క పాడయ్యేది, తనని తాను తిట్టుకుని ఇంకో చెక్క తెచ్చుకునేవాడు. చెక్క పొట్టిదైపోయిందని ఏ ప్రభుత్వమూ జైల్లో పెట్టదు.

ఈసారి మరిచిపోయింది తుపాకీ మీద.

తుపాకీ అతనిది కూడా కాదు, భార్య లోరెట్టాది. ఆమెకి తల్లి హల్డా నుంచి వచ్చింది. గొట్టం అడుగువైపు, తూటా పెట్టే కొసకి దగ్గరగా, హల్డా తన పేరు మేకుతో గీసుకుంది. లోరెట్టా పెళ్లికి ముందు నుంచీ ఏటా జింకల వేటకి దాన్నే భుజాన వేసుకుని వెళుతోంది. కిందటేడు భుజానికి ఆపరేషన్ అయ్యాక, ఒకరోజు కాఫీ తాగుతూ, "ముందు వైపు బరువు లాగేస్తోందయ్యా" అంది. అంతే అంది. ఎల్వుడ్‌కి ఆ మాత్రం చాలు.

ఊళ్లో తుపాకులు బాగుచేసే డెల్మర్ దగ్గరికి తీసుకెళితే నీటుగా కోసి ఇచ్చేవాడు. ఇంత పనితనం చేతిలో పెట్టుకుని ఇంకొకడి దగ్గరికి వెళ్లడమేమిటని మన మొనగాడి పట్టుదల. చట్టం ప్రకారం రైఫిలు గొట్టం పదహారు అంగుళాలకి తగ్గకూడదని అక్కడ పాలు పోసేవాణ్ణి అడిగినా చెబుతాడు. ఎల్వుడ్ పదహారున్నర అనుకున్నాడు. లోరెట్టా చర్చి ఆడవాళ్లతో బొంతలు కుట్టడానికి వెళ్లిన పూట చూసుకుని కోశాడు, ఆకురాయి పట్టాడు, నూనె రాశాడు. తీరా తెగిన ముక్క చేతిలోకి తీసుకుంటే ఉండాల్సినదానికంటే పొడుగ్గా కనిపించింది. లోరెట్టా కుట్టుపెట్టెలోని గుడ్డ టేపు తెచ్చి కొలిచాడు. గొట్టంలో మిగిలింది పదిహేనున్నర.

డెల్మర్‌కి ఫోన్ చేశాడు.

"మా స్నేహితుడొకడు గొట్టం పొట్టిగా కోసేసుకున్నాడు."

"ఆ స్నేహితుడు వడ్రంగా?" అన్నాడు డెల్మర్.

"ఆఁ."

"ఎంతకొచ్చింది?"

"పదిహేనున్నర."

డెల్మర్ గొంతు తగ్గించాడు. "కోయకముందు వాషింగ్టన్‌లో కేంద్ర ప్రభుత్వానికి అర్జీ పెట్టి, వాళ్లు సరే అన్నాక కోసుంటే నిక్షేపంలా ఉంచుకునేవాడు. ఆ కాగితం ఉంటే మన రాష్ట్రం వాళ్లూ ఏమీ అనరు. కోసేశాక అర్జీ పెట్టడమంటే నేనే చేశానని సంతకం పెట్టి పంపడమే. పదేళ్లు లోపలేస్తారు. బయటికొచ్చాక ఈ జన్మలో తుపాకీ ముట్టుకోనివ్వరు."

"మా తమ్ముడింట్లో దాచేస్తే? రాష్ట్రం దాటి అరగంటేగా."

"న్యూయార్క్‌లోనా? అక్కడ కాగితం ఉన్నా ఒప్పుకోరు. లేకుండా పట్టుకెళ్లావంటే ఈ రాష్ట్రం, ఆ రాష్ట్రం, పైన వాషింగ్టన్, ముగ్గురూ కలిసి నిన్ను పంచుకుంటారు. నిన్నంటే నీ స్నేహితుణ్ణే అనుకో."

"కొసకి ఇంకో ముక్క పెట్టి వెల్డింగ్ చేయించేస్తే?"

"పొట్టి గొట్టంతో అది నా కొట్లో ఉన్నంతసేపూ నా మెడకి చుట్టుకుంటుంది. నేను ముట్టుకోను. గొట్టం విప్పి ముక్కలు ముక్కలు చెయ్యమను. మిగతాది తెస్తే కొత్త గొట్టం వేస్తాను, అదీ వేట సీజన్ అయ్యాకే. నేను లాయర్ని కాదు, ఆ మాట కూడా చెప్పు వాడికి."

ముక్కలు చెయ్యడమంటే హల్డా పేరు మీద రంపం పెట్టడం. అది లోరెట్టాకి చెప్పకుండా కుదరదు, చెప్పడానికి నోరు రావడం లేదు. తుపాకీని గరాజ్ అటక మీద పెట్టాడు. అక్కడ బాగాలేదనిపించి కట్టెల గుట్ట వెనక పెట్టాడు. ట్రక్కులో సీటు వెనక పెట్టి, ట్రక్కుతో సహా పట్టుబడతానని భయపడి మళ్లీ అటకెక్కించాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే గరాజ్‌కి వెళ్లాలనిపించేది. రోడ్డు మీద ఏ కారు నెమ్మదించినా కిటికీ దగ్గరికి పరిగెత్తేవాడు.

"ఏమయ్యా, పిల్లి పిల్లల్ని మార్చినట్టు ఏంటి మారుస్తున్నావు గరాజ్‌లో?" అంది లోరెట్టా.

"సామాన్లు సర్దుతున్నా."

"నువ్వు సర్దడమే?" అని ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్లింది.

థాంక్స్‌గివింగ్ పండగ నాడు, గురువారం, భోజనానికి ఆమె అన్న కొడుకు కర్ట్ వచ్చాడు. కర్ట్ స్టేట్ పోలీసు. టర్కీ కోడి తినడం అయింది, గుమ్మడికాయతో చేసిన తీపి వంటకం 'పై' కోశారు.

"అత్తా, ఆ భుజంతో ఎల్లుండి వేటలో నానమ్మ తుపాకీ ఎత్తగలవా?" అన్నాడు కర్ట్.

"ఎత్తలేక?"

"ఏదీ, తే మావయ్యా, ఒకసారి పట్టుకుని చూస్తా. ఎన్నాళ్లయిందో."

ఎల్వుడ్ చేతిలోని ఫోర్కు పళ్లెంలో పడింది. "నూనె పెట్టాను. ఇంకా ఆరలేదు" అన్నాడు.

"నూనె ఆరడమేంటి మావయ్యా?"

లోరెట్టా భర్త మొహంలోకి చూసింది. గుమ్మడికాయ 'పై'లో ఇంకో ముక్క కోసి కర్ట్ పళ్లెంలో వేసింది. "తుపాకీ ఎక్కడికీ పోదు, ముందు తిను" అంది.

కర్ట్ కారు మలుపు తిరిగిందో లేదో ఆమె గరాజ్‌లో ఉంది. "చూపించు."

చూపించాడు. అంతా చెప్పాడు.

"బరువన్నాను. కొయ్యమన్నానా?"

"లేదు."

"నన్ను అడిగావా?"

"లేదు."

"ఆ మోకాళ్లేసుకుని పదేళ్లు జైల్లో ఉంటావా? నన్నేం చెయ్యమంటావు అన్నేళ్లు, నువ్వు కట్టిన ఈ ఇంటి మెట్లు ఎక్కుతూ దిగుతూ కూర్చోమంటావా?"

ఎల్వుడ్ సిగ్గుతో చచ్చిపోయాడు. లోరెట్టాకి కోపం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది. దాన్ని దాచుకోవడానికి అతనికి వీపు తిప్పి నిలబడింది. అతను గొట్టం విప్పి బల్లకి బిగించాడు. ఆమె వేలితో ఆ అక్షరాలు తడిమి, పేరు అయిపోయిన చోట సుద్దతో గీత గీసింది.

"ఇక్కడ. టేపు తియ్యకు."

కోసినంతసేపూ కదలకుండా నిలబడి చూసింది. మిగతాదంతా ముక్కలయ్యాక, పేరున్న ముక్కని ఏప్రన్ జేబులో వేసుకుని వెళ్లిపోయింది.

శనివారం, వేట మొదలయ్యే రోజు, తెల్లవారుతుండగా లోరెట్టా ఎల్వుడ్ సొంత తుపాకీ తీసి భుజాన వేసుకుంది. "ఈ ఏడు ఇది నాది. నువ్వు థర్మోస్ మొయ్యి."

అడవిలో జింకల కోసం కాపు కాసే మంచె మీద ఎల్వుడ్‌కి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. మోకాలు రుద్దుకున్నాడు, థర్మోస్ మూత తిప్పాడు, టోపీ సర్దాడు. అతను కదిలినప్పుడల్లా కింద పలక కిర్రుమంది.

"ఇంకోసారి ఆ చప్పుడు వినిపిస్తే కిందకి దింపేస్తా."

ఆమె అలా అన్న కాసేపటికి హెమ్లాక్ చెట్ల అంచున కొమ్ముల జింక ఒకటి వచ్చి నిలబడింది. లోరెట్టా తుపాకీ ఎత్తింది. అది ఆమె తల్లి తుపాకీ కన్నా బరువు. ముందుభాగం నెమ్మదిగా వంగిపోయింది. పళ్లు బిగించి మళ్లీ ఎత్తింది, మళ్లీ వంగింది. ఆమె ఏమీ అడగలేదు.

ఎల్వుడ్ ముందుకి వంగి, మంచె అడ్డకర్ర మీద మోచెయ్యి ఆనించి, తుపాకీ కింద అరచెయ్యి పెట్టాడు. బరువంతా అతని చేతిలోకి వచ్చింది.

"వణుకుతోంది" అంది లోరెట్టా.

"చలి."

"చలి కాదు."

అతను మోచేతిని కర్రకేసి గట్టిగా అదిమాడు. ఈ వారంలో మొదటిసారి అతనిలో ఏదీ కదలలేదు.

"నాకు కావలసింది ఇంతేనయ్యా" అంది ఆమె, గురి మీంచి కన్ను తీయకుండా. "ఇప్పుడు ఊపిరి బిగబట్టు."

అతను బిగబట్టాడు.