జీడితోటకు ఉత్తరపు హద్దు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, మాఘమాసంలో, శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక చిన్న ఆఫీసుకు నన్ను సబ్ రిజిస్ట్రారుగా వేశారు. ఆ చుట్టుపక్కల తోటలు ఒకప్పుడు మా తాతగారివి. నా కాలానికి ఒక్క చెట్టూ మిగల్లేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నాలు కిటికీలోంచి జీడిపూత వాసన వచ్చేది. స్టాంపు కాగితాల మధ్య కూర్చున్నా, ఎక్కడో నీడలో నడుస్తున్నట్టుండేది.

ఒకరోజు అప్పన్న అనే రైతు చెల్లెలు దాలమ్మను తీసుకొచ్చాడు. తల్లి ముందే పోయింది, తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. అలాంటప్పుడు ఆయన స్వార్జితం కొడుక్కీ కూతురికీ సమానంగా వస్తుంది. పెళ్లినాడే పసుపుకుంకుమ కింద తనకు జీడితోట ఇచ్చారు కనుక, మిగతా భూమి వద్దని ఆమె హక్కు విడుదల పత్రం రాసిస్తోంది. పత్రం చెల్లుతుందా లేదా అన్నది రిజిస్ట్రారు తేల్చడు. తెలిసే రాశారా అని అడుగుతాడు, అంతే. అడిగాను.

"అన్న సెప్పినాడు బాబూ. ఏలు ఎక్కడెయ్యాలో సెప్పు."

వేలిముద్ర యంత్రం సిద్ధమయ్యేలోపు షెడ్యూలు, అంటే ఆస్తి వివరం, తిరగేశాను. మూడో అంశానికి ఉత్తరపు హద్దు మా తాతగారి తోట. హద్దులను పాత దస్తావేజుల నుంచి అలాగే ఎత్తిరాస్తారు; పోయినవాళ్లు కాగితాల్లో ఇంకా పొరుగువాళ్లుగానే ఉంటారు. కాసేపు అక్షరాలు చెదిరిపోయాయి. ఎర్రమట్టి గట్టు, అటు మా చెట్లు, ఇటు నేలదాకా వంగిన జీడికొమ్మలు కనిపించాయి.

అక్కడ జీడిపిక్కలు ఎవరు ఏరుతున్నారని అడిగాను.

"నానే బాబూ. అదే కదా నాకిచ్చిన తోట."

తండ్రి నోటిమాటతో ఇచ్చాడు. భూమి దానానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలి, అది లేదు. తోట తండ్రి పేరునే ఉండిపోయింది. దస్తావేజు లేఖరి పాస్‌పుస్తకం చూసి తోటతో సహా మొత్తం పత్రంలోకి ఎక్కించాడు. వేలు వేసి ఉంటే తోటా పోయేది. వేలు వేయకపోతే ఆమెకు అన్నింట్లో సగం వస్తుందనీ చెప్పాను.

అప్పన్న చెల్లెలి వైపు తిరిగాడు. "ఏటే, సగం అడుగుతావేటి?"

"సగమెవులిక్కావాల. నా తోట నాకొగ్గేయ్."

మర్నాడు భాగపరిష్కార పత్రం తెచ్చారు: తోట ఆమెకు, మిగతాది అతనికి. వెళ్తూ అప్పన్న, "ఆ ఉత్తరపు తోట దొర ఎవులో గానీ బాబూ, పేరే ఉన్నాది, గట్టు కూడా నేదు," అని నవ్వాడు. నేను ముద్ర వేసి కాగితం ఇచ్చాను.

తోట కూతురికని తండ్రి ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాసి ఉంటే, రిజిస్టరు కాకపోయినా తోట ఆమెదే. ప్రొబేటు, అంటే కోర్టు ధ్రువీకరణ, మా జిల్లాల్లో తప్పనిసరి కాదు. తగువొస్తే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆ తరువాత, హద్దులు పైకి చదివి వినిపించకుండా ఏ విడుదల పత్రం మీదా నేను వేలిముద్ర తీసుకోలేదు. సర్వే నంబరు చెబితే మనుషులు తమ భూమిని గుర్తుపట్టరు. గట్టుకు అవతల ఎవరో చెబితే గుర్తుపడతారు.