సాక్ష్యం చెప్పిన టెంక బూర

నా చిన్నప్పుడు నోరు ఊరుకునేది కాదు. చిత్తూరు పక్కన మా ఊరి బడిలో సోషల్ సారు ఒకరోజు వేల ఏళ్ల కిందటి నగరాల పాఠం చెప్పారు. ఇటుక ఇళ్లు, మురుగు కాలువలు, ధాన్యం కొట్లు అన్నీ అయ్యాయి. నేను లేచి, వాళ్లు పాటలు పాడుకునేవాళ్లా సార్ అని అడిగాను. సారు పుస్తకం అటూ ఇటూ తిప్పారు. "ఈడేం రాయలేదు. ఆధారం ఉంటే తీసుకొనిరా, లేకుంటే కూసో" అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆధారం తెచ్చి ఆ సారు ముందు పెట్టకపోతే నేను నేనే కాదనుకున్నాను.

మా మేనత్త మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేది. బడి మొహం చూడని మనిషి. నా గోడు విని, ఆదివారం నన్ను ఫ్యాక్టరీ వెనకున్న టెంకల గుట్ట దగ్గరికి లాక్కుపోయింది. తొలకరికి టెంకలన్నీ పగిలి ఎర్రటి చిగుళ్లేశాయి. "అంగడి లేదు, బుక్కు లేదు, సారు లేడు అనుకో. ఈడ ఉండేదాంతోనే ఒక వాద్యం చెయ్యి, సూస్తాం" అని రాయి మీద తీరిగ్గా కూర్చుంది.

రెండు టెంకలు కొట్టి చూశాను. పుల్లతో గీకాను. ఆకు చుట్టి ఊదితే బుస్సుమంది. అత్త పొట్ట పట్టుకుని నవ్వి, మొలకెత్తిన టెంకను ఒలిచి, లోపలి జీడిని గరుకు రాయి మీద రుద్దింది. రెండు బద్దల నడుమ సన్నని సందు కనిపించగానే నా చేతికిచ్చింది. ఊదాను. పీఁఁ! పక్కనున్న కుక్క లేచి పరుగో పరుగు! వగరుకి నాలుక మొద్దుబారినా ఆపలేదు. పెద్ద జీడి లావుగా పలికింది, చిన్నది సన్నగా. మూడింటిని వరసగా ఊదితే పాటే అయిపోయింది! ఎప్పుడో ఎక్కడో ఒక పిల్ల, ఏ కాయతోనో ఏ కాడతోనో, మొదటిసారి ఇలాగే ఊది ఇలాగే గంతులేసి ఉంటుందనిపించి ఒళ్లు ఝల్లుమంది.

సారు ఎవరిదో పెళ్లికని ఊరెళ్లారు, పది రోజులదాకా రారన్నారు. అన్నిటికన్నా బాగా పలికిన బూరను పాత పట్టుగుడ్డలో చుట్టి, అమ్మ చీరల ట్రంకు పెట్టెలో దాచాను. చీరలకు వేసినట్టే దానికీ ఒక కలరా ఉండ వేశాను. నా తెలివి అంత. పదో రోజు తీస్తే నల్లగా బూజు పట్టి, మెత్తబడి, కంపు కొడుతోంది. ఊదితే గాలి కూడా దూరలేదు.

భోరుమంటూ అత్త దగ్గరికి పరిగెత్తాను. ఆమె దాన్ని చూసి సంబరపడింది!

"దీనికి ఏడుస్తా ఉండావా పాపా? దీన్నే తీసుకొనిపో. ఇటుక కుళ్లదు, కుండ కుళ్లదు. ఇది పది దినాలకే ఇట్లయింది. ఇంగ అన్ని వేల ఏండ్లకు ఏం మిగుల్తాది? మీ సారుకు ఆ మాట చెప్పు."

మర్నాడు ఆ కుళ్లు ముద్దను సారు బల్ల మీద పెట్టి, అత్త మాటలు ఒక్కటీ పోకుండా అప్పజెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు దాన్ని వాసన చూసి మొహం చిట్లించారు. పుస్తకం మూసి, "ఆ గుట్ట యాడుండాదమ్మా?" అన్నారు. ఆ సాయంత్రం క్లాసంతా టెంకల మీదే! అందరికన్నా చివర బూర పలికించింది సారే.

చాలా ఏళ్లకు ఒక మ్యూజియంలో, సారు పాఠం చెప్పిన ఆ నగరాల కాలపు మట్టి ఈలలు చూశాను. అద్దం మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. మట్టివి గనక మిగిలాయి. మిగలనివి ఎన్నో!

అత్త ఇప్పుడు లేదు. ఫ్యాక్టరీలో మామిడికాయలు ఏరుతూ ఆమె పాడిన పాటలు ఏ పుస్తకంలోనూ లేవు, నాలో తప్ప. అందుకే వంటింట్లో గొంతెత్తి పాడతాను. మనవరాలు చెవులు మూసుకుంటుంది. మూసుకుని కూడా, రెండో చరణం నాకన్నా ముందే అందుకుంటుంది.