బురదలో పోయిన యూనిఫాం

బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చాక బెజవాడ నుంచి ఉయ్యూరులో మా అక్క ఇంటికి వచ్చేశాం. మా అమ్మాయి మూడో తరగతి. బడి మూసేసినా ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. "రోజూ పాఠాలు జరుగుతుంటే పిల్లలు భయం మర్చిపోయి కుదురుకుంటారు" అని ప్రిన్సిపాల్ గారు మెసేజ్ పెడితే, నిజమే కదా అని మురిసిపోయాను.

ఈ రోజు ఆవిడే క్లాసులోకి వచ్చి, అందరి ముందూ మా అమ్మాయిని అడిగారు.

"యూనిఫాం ఏదమ్మా? ఆ చొక్కా ఏంటి?"

పిల్ల తల దించేసుకుంది. నేను ఫోన్ తీసుకున్నాను.

"యూనిఫాం బురదలో పోయిందండీ. అది వాళ్ల పెద్దమ్మ కొడుకు చొక్కా."

"అయ్యో, అర్థమైందండీ. అయితే కెమెరా ఆఫ్ చేయించండి. స్క్రీన్‌షాట్ మన పేజీలో పెట్టాలి, డిసిప్లిన్ కనపడాలి కదా!"

కెమెరా కాదు, ఫోనే ఆపేశాను.

"మేడమ్ తిడతారేమో అమ్మా" అంది మా అమ్మాయి.

"తిట్టనీ. ఆ ఇంగ్లీషు పాఠం పెద్దమ్మకి చదివి వినిపించు, పో."

మా అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అది చదివిన ప్రతి ఇంగ్లీషు మాటా కావాలనే తప్పు పలికింది. పడవలో బయటపడ్డప్పటి నుంచి సరిగ్గా మాట్లాడని పిల్ల, వాళ్ల పెద్దమ్మని దిద్దుతూ పడీ పడీ నవ్వింది.

సాయంత్రం బడి పేజీలో ఇస్త్రీ యూనిఫాంలు వేసుకున్న పిల్లల ఫొటో వచ్చింది. పైన "వరదకు చెదరని చిరునవ్వులు" అని రాశారు. "చెదిరినవాళ్లని కెమెరా ఆపమన్నారు కదండీ" అని కామెంట్ పెట్టాను. క్షణాల్లో తీసేశారు.

వరద సాయానికి కూడా ఇంత చురుగ్గా కదిలి ఉంటే ఎంత బాగుండేది! మీ పిల్లల బడివాళ్లు ఏం చేశారో చెప్పండి. ఇక్కడ ఎవరి కామెంటూ తీసెయ్యను.