కరుణ పరీక్షలో నేనే రోగిని

మా ఆయన బాలనర్సింహ పక్షవాతంతో పడిపోయినప్పటి నుంచి కన్నుమూసేదాకా ఆయన్ను చూసుకున్నది కరుణే. నర్సింగ్ చదివిన పిల్ల. రోజూ రావిర్యాల నుంచి ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చేది. ఆయన పోయాక కూడా నన్ను చూడటానికి వస్తూనే ఉంది. జర్మనీలో ఒక వృద్ధాశ్రమం వాళ్లు నర్సులను తీసుకుంటున్నారని, వీసా వాళ్లే ఇప్పిస్తారని చెప్పింది. ఆ భాష కూడా నేర్చుకుంది. ఇక మిగిలింది వీడియోలో పని చేసి చూపించడమే. అందులో నెగ్గితేనే వీసా.

"అక్కా, బావ మంచం మీద నువ్వు పండుకోవాలె. నువ్వే నా పేషెంటువి" అంది.

ఆయన పోయాక ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు. దుప్పటి మార్చి పడుకున్నాను.

"కుడి చెయ్యి, కాలు పడిపోయినయ్ నీకు. కదలొద్దు."

"ముక్కు దురద పెడుతున్నదే!"

"ఓర్చుకో. బావ ఓర్చుకోలేదా?"

"యాడ ఓర్చుకున్నడు? నిన్ను తిట్టేటోడు గదనే!"

ఇద్దరం నవ్వుతుండగానే ఫోను మోగింది. అవతల వీడియోలో పరీక్ష పెట్టే తెల్లావిడ.

కరుణ ఫోను ఎదురుగా నిలబెట్టి చేతులకు తొడుగులు వేసుకుంది. నన్ను లేపి మంచం అంచున కూర్చోబెట్టింది. నడుము చుట్టూ చెయ్యి వేసి కుర్చీ వైపు తిప్పుతుంటే ఆమె కాలు నా కాలికి తగిలింది. అంతే, అలవాటు కొద్దీ నన్ను తాకి చెయ్యి కళ్లకద్దుకుంది. తొడుగున్న చెయ్యి! అది మొహానికి తగలొద్దని నాకు నేర్పిందే ఆమె.

తప్పు చేశానని ఆమెకూ తెలిసిపోయింది. కానీ నన్ను వదల్లేదు. మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టాకే తొడుగులు తీసేసింది, సబ్బుతో చేతులు కడుక్కుంది, కొత్తవి వేసుకుంది. తెల్లావిడ ఏదో అడిగింది. కరుణ కాలు చూపించి, నన్ను చూపించి ఏదో చెప్పింది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఫోను పెట్టేసి కరుణ కేక పెట్టింది.

"తీసుకున్నరక్కా! వీసా కాయితాలు పంపుతరంట!"

"మరి గా తప్పు?"

"తప్పే అన్నది. గని ఒక చెయ్యి కళ్లకు పోయినా, రెండో చెయ్యి ముసలామెను ఇడువలేదన్నది."

"నన్ను ముసలామె అన్నదా?"

"అవ్ అక్కా!"

గోడ మీది ఫోటో దగ్గరికి ఉరికింది. "బావా, పాసైన!" అని అరిచి, వెనక్కి తిరిగి నన్ను చూసి పకపకా నవ్వింది. నేనింకా కుడి చెయ్యి వేలాడేసుకుని కుర్చీలోనే ఉన్నాను.

"ఇగ లెవ్వు అక్కా! పరీక్ష అయిపోయింది!"